కందిగింజంత మచ్చ

(బర్కత్‌పురలో చేసిన స్మారక ఉపన్యాసం పూర్తి పాఠం)

 

ఎవరి జ్ఞాపకంగా ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆయన పేరు అచ్చులో వేయవద్దని కుటుంబం కోరింది. జబ్బు సంగతులు చెప్పుకోవడానికి మాత్రం ఒప్పుకున్నారు. అందుకని ఈ పాఠంలో ఆయన మొదటినుంచి చివరిదాకా మాస్టారే. నారాయణగూడలో ఒక బడిలో ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పారు. పొద్దుటిపూట చమన్ పార్కు చుట్టూ నడక, సాయంత్రం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఒక గంట. అశోక్‌నగర్‌లో గదులు తీసుకుని పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఆ లైబ్రరీ మెట్ల మీద ఆయనను ఆపి లెక్కలు అడిగేవారు. నిలబడే చెప్పేవారు. అలా చెప్పించుకున్నవాళ్ళు ఈ హాల్లో పది మందైనా ఉంటారు.

నేను రేడియాలజిస్టును. మాస్టారి వీధిలోనే పెరిగాను. ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు ఒక షరతు పెట్టాను: మాస్టారి సీటీ స్కాన్ రిపోర్టు మొదట రాసింది నేనేనన్న సంగతితో మొదలుపెట్టనివ్వాలి. మాస్టారి భార్య, మా పిన్నిగారు, ఒప్పుకున్నారు.

2012 మార్చి 12. కుడి పక్క నడుం నొప్పి. మూత్రపిండంలో రాయి ఉందేమోనని కడుపు స్కాను రాశారు. రాయి ఉంది, చిన్నదే. కడుపు స్కాను తీసేటప్పుడు ఊపిరితిత్తుల అడుగు భాగం కూడా కొంత పడుతుంది. కాలేయం పై అంచు నుంచి మొదలుపెట్టాలి కాబట్టి ఆ నాలుగు వేళ్ళ మేర ఊపిరితిత్తి ఎలాగూ వస్తుంది. దాన్నీ చూడాలి. చూశాను. కుడి కింది భాగంలో ఒక చుక్క.

ఆ చుక్కను ఎలా పోలుస్తామో చెప్తాను, ఎందుకంటే ఈ విషయమంతా ఆ చూపులోనే ఉంది. సీటీ అంటే ఛాతీని బ్రెడ్డు ముక్కల్లాగా పలుచగా అడ్డంగా కోసి చూపించే బొమ్మల వరస. కంప్యూటరు ముందు కూర్చుని మౌసు చక్రం తిప్పుతూ పై నుంచి కిందికి, కింది నుంచి పైకి వెళ్తుంటాం. ఊపిరితిత్తి నల్లగా ఉంటుంది, రక్తనాళాలు తెల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. చక్రం తిప్పుతుంటే రక్తనాళపు చుక్క పక్కకు జరుగుతుంది, కొమ్మలుగా చీలుతుంది, ఇంకో చుక్కతో కలుస్తుంది. చెట్టును అడ్డంగా కోస్తే కొమ్మ గుండ్రంగా కనిపించినట్టే. కానీ ఏ కొమ్మకూ చెందని చుక్క ఒకటి ఉంటుంది. ఒక బొమ్మలో పుడుతుంది, రెండు మూడు బొమ్మల్లో పెరుగుతుంది, మళ్ళీ సన్నబడి మాయమవుతుంది. ముందూ లేదు, వెనకా లేదు. అది నోడ్యూల్. మన జనం దాన్ని మచ్చ అంటారు. నేనూ మచ్చ అనే అంటాను.

మూడు సెంటీమీటర్ల లోపుంటే నోడ్యూల్, దాటితే గడ్డ. మిల్లీమీటర్లు చెబితే ఎవరికీ అర్థం కాదు కాబట్టి నేను రోగులకు వంటింటి కొలతలు చెప్తాను. రెండు మిల్లీమీటర్లంటే ఆవగింజ. నాలుగైదంటే మిరియం. ఏడంటే కందిగింజ. తొమ్మిదంటే శనగగింజ. ముప్పై అంటే ఉసిరికాయ. మాస్టారి మచ్చ ఏడు మిల్లీమీటర్లు.

రిపోర్టులో రాయి గురించి ఆరు వాక్యాలు రాశాను. అది ఎంతుందో, ఎక్కడుందో, మూత్రనాళం ఉబ్బిందో లేదో, అన్నీ. చిట్టచివర ఒక వాక్యం: కుడి ఊపిరితిత్తి కింది భాగంలో 7 మి.మీ. నోడ్యూల్ ఉంది, ఆరు నెలల తర్వాత ఛాతీ సీటీ అవసరం. సంతకం పెట్టాను. తర్వాతి కేసు తీసుకున్నాను. మాస్టారు రాయికి మందు వాడారు, రాయి పడిపోయింది, రిపోర్టు కవర్లోకి, కవరు బీరువా మీదికి వెళ్ళాయి. ఆ చివరి వాక్యం డాక్టరు చదవలేదు, ఇంట్లోవాళ్ళు చదవలేదు. రాసినవాణ్ణి నేను. వీధిలో ఎదురుపడ్డప్పుడైనా చెప్పలేదు. చెప్పడానికి వంద గజాలు నడిస్తే చాలేది.

2014 నవంబరులో దగ్గు మొదలైంది. ఎక్స్‌రేలో కుడి వైపు అడుగున నీడ. కళ్ళె పరీక్షలో టీబీ క్రిమి కనబడలేదు. అయినా మన దేశంలో ఊపిరితిత్తిలో నీడ అంటే ముందు తట్టేది టీబీనే. ఆరు నెలల కోర్సు మొదలుపెట్టారు. ఆకలి పోయింది, మాత్రల వేడి అన్నారు. బరువు తగ్గింది, అది కూడా మాత్రల వల్లే అనుకున్నారు. 2015 జూన్ 15న ఛాతీ సీటీ తీశారు. కందిగింజ నిమ్మకాయ అయింది. నాలుగు సెంటీమీటర్లు. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలేటప్పటికి ఎముకల్లోకి పాకింది. 2016 ఫిబ్రవరిలో మాస్టారు వెళ్ళిపోయారు.

ఆసుపత్రి మంచం మీద ఉండగా ఆయనకు పాత రిపోర్టు సంగతి నేనే చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన మూడు ప్రశ్నలు అడిగారు. "అప్పుడెంత? ఇప్పుడెంత? మధ్యలో ఎన్ని రోజులు?" ఏడు, నలభై, 1190 రోజులు. పెన్సిల్ అడిగి తీసుకుని స్కాను కవరు వెనక లెక్క వేశారు. గోళం ఘనపరిమాణం వ్యాసం ఘనానికి అనులోమంగా ఉంటుందని తొమ్మిదో తరగతి పిల్లలకు ఆయన చెప్పే పాఠమే. నలభైని ఏడుతో భాగిస్తే 5.71. దాని ఘనం 187. అంటే మచ్చ 187 రెట్లు పెరిగింది. రెండు, నాలుగు, ఎనిమిది అనుకుంటూ పోతే ఇది ఏడున్నర సార్లు రెట్టింపవడం. 1190 రోజుల్లో ఏడున్నర సార్లు. "ఒక్కో రెట్టింపుకు 158 రోజులు పట్టింది రా," అన్నారు. పెన్సిల్ నా చేతికిచ్చి కళ్ళు మూసుకున్నారు.

ఆ 158 అన్న సంఖ్య గురించి కొంచెం చెప్పాలి. ఊపిరితిత్తుల్లో గట్టిగా ఉండే క్యాన్సర్ మచ్చలు చాలావరకు నూరు నుంచి నాలుగు వందల రోజుల మధ్య ఒకసారి రెట్టింపవుతాయి. నెలలోపే రెట్టింపైతే అది ఎక్కువగా ఇన్‌ఫెక్షన్. రెండేళ్ళపాటు ఏమీ మారకుండా ఉన్న గట్టి మచ్చ దాదాపు ఎప్పుడూ నిరపాయమైనదే. మంచుతెరలాగా పలుచగా కనిపించే మరో రకం ఉంది, దాన్ని గ్రౌండ్ గ్లాస్ అంటాం. అది మహా నెమ్మది. ఆరు మిల్లీమీటర్లు దాటితే దాన్ని ఐదేళ్ళు కనిపెట్టి ఉండాలి. ఇంకోటి: వ్యాసం నాలుగో వంతు పెరిగితే చాలు, మచ్చ మొత్తం రెట్టింపైనట్టు. ఏడు మిల్లీమీటర్ల మచ్చ 8.8 అయితే అది రెట్టింపు. ఆ తేడా రెండు మిల్లీమీటర్లు కూడా కాదు. ఫిలింను కిటికీ వెలుతురులో పట్టుకుని కంటితో చూసేవాళ్ళకు అది చిక్కదు. అందుకే మిల్లీమీటరు మందం బొమ్మలు కావాలి, ఇవాళ కంప్యూటరు చేత ఘనపరిమాణమే కొలిపిస్తున్నాం.

ఈ సీటీ యంత్రం ఎక్కడిదో ఒక్క మాట. ఇంగ్లండులో ఇ.ఎమ్.ఐ. అనే కంపెనీలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు దీన్ని తయారుచేశాడు. ఘంటసాల భగవద్గీత మన ఇళ్ళల్లోకి వచ్చిన హెచ్.ఎమ్.వి. రికార్డుల ముద్ర ఆ కంపెనీదే. లండన్ శివార్లలోని అట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో 1971 అక్టోబర్ 1న మొదటి రోగికి తల స్కాను తీశారు. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కూ, దీని గణితాన్ని విడిగా తేల్చిన అలన్ కార్మాక్‌కూ నోబెల్ వచ్చింది. మాస్టారికి కార్మాక్ అంటే ఇష్టం. నీడలను బట్టి వస్తువును తిరిగి కట్టడం అచ్చంగా లెక్కల పనే అనేవారు. అప్పట్లో ఒక్క బొమ్మకు నిమిషాలు పట్టేది. ఇప్పుడు ఒక్క ఊపిరి బిగబట్టే లోపల ఛాతీ అంతా అయిపోతుంది.

హౌన్స్‌ఫీల్డ్ మనకిచ్చిన అసలు సొత్తు బొమ్మ కాదు, అంకె. ప్రతి చుక్కకూ సాంద్రత అంకె ఉంటుంది. నీరు సున్నా. గాలి మైనస్ వెయ్యి. కొవ్వు మైనస్ వంద దరిదాపు. కండ నలభై, యాభై. సున్నం రెండు వందలు దాటుతుంది. మచ్చ మీద చిన్న వలయం గీసి ఆ అంకె చదవగానే సగం కేసులు తేలిపోతాయి. మచ్చ లోపల కొవ్వు అంకె వస్తే అది హామార్టోమా అనే అమాయకపు కంతి. మచ్చ నడిమధ్య సున్నం, లేదా మచ్చంతా సున్నం, లేదా ఉల్లిపొరల్లాగా సున్నం కనబడితే అది ఎప్పుడో మానిపోయిన పుండు తాలూకు గుర్తు. ఒక పక్కన మాత్రమే చిటికెడు సున్నం ఉంటే ఆ ధీమా కుదరదు. అంచు నున్నగా ఉంటే కొంత నిమ్మళం, పల్లేరుకాయలాగా ముళ్ళు ముళ్ళుగా ఉంటే అనుమానం. ఊపిరితిత్తి మడత గోడకు ఆనుకుని చదునుగా, మూడు మూలలుగా ఉంటే అది లోపలి లింఫు గ్రంథి, దాన్ని వదిలేయవచ్చు.

మానిపోయిన పుండు అన్నానే, అది మన నేలలో పెద్ద కథ. ప్రపంచంలోని టీబీ కేసుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైంది, డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మొల్లర్ దాన్ని నడిపించాడు. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల మీద ఒక శానిటోరియం ఉంది. ఎర్రగడ్డలో ఫక్రుల్ ముల్క్ నవాబు కట్టించిన భవనంలో ఛాతీ ఆసుపత్రి వెలిసింది. తరాల తరబడి ఆ గదుల్లో మంచి గాలి, మంచి తిండి, ఓపిక, ఇవే మందులుగా రోగులు కోలుకున్నారు. అంతకు ఎన్నో రెట్ల మంది ఆసుపత్రి మొహం చూడకుండానే, తమకు జబ్బు వచ్చిందని తెలియకుండానే కోలుకున్నారు. వాళ్ళ ఊపిరితిత్తుల్లో మిగిలిన సున్నపు చుక్కలే ఇవాళ మా కంప్యూటర్ల మీద వెలుగుతున్నాయి. అరవై దాటిన హైదరాబాదీ ఛాతీని సన్నటి బొమ్మల్లో చూస్తే ఒకటో రెండో మచ్చలు కనిపించడం మాకు రోజూ ఉండే పనే. అమెరికా పుస్తకంలో రాసిన సంభావ్యతలను తెచ్చి ఇక్కడ అతికిస్తే తప్పులో కాలేస్తాం.

చిక్కేమిటంటే, బతికున్న టీబీ మచ్చ క్యాన్సర్‌ను అచ్చు గుద్దినట్టు ఉంటుంది. రెండింటికీ ఊపిరితిత్తి పై భాగమంటే మక్కువ. ముళ్ళ అంచు రెండింటికీ రావచ్చు. పెట్ స్కాన్‌లో చక్కెర పీల్చుకుని మెరిసేది క్యాన్సరే అని చాలామంది నమ్ముతారు. టీబీ పుండు కూడా అలాగే మెరుస్తుంది. పైగా ఎనిమిది మిల్లీమీటర్ల లోపు మచ్చ విషయంలో పెట్ మాట నమ్మదగ్గది కాదు. ముక్క పరీక్ష చేద్దామంటే, కందిగింజను సూదితో గురిచూసి కొట్టాలి, అది ఊపిరితో పాటు కదులుతుంటుంది. ఒక్కోసారి ఊపిరితిత్తి పొర చిల్లుపడి గాలి బయటికి లీకవుతుంది. ఏడు మిల్లీమీటర్ల దగ్గర ముక్క తీయడానికి తొందరపడమని నేను ఎవరికీ చెప్పను.

మరి దారేది? నలభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నవాడిగా చెప్తున్నాను, చిన్న మచ్చ విషయంలో సీటీని మించిన పరీక్ష ఒకటుంది: రెండో సీటీ. ఒక్క స్కాను మచ్చ ఎక్కడుందో చెబుతుంది, ఎలా ఉందో చెబుతుంది. అది ఏమిటో చెప్పేది రెండు తేదీల మధ్య దూరం.

దీనికి సాక్ష్యం మన ఊళ్ళోనే ఉంది. 1897 ఆగస్టులో బేగంపేటలో రొనాల్డ్ రాస్ మలేరియా రోగి రక్తం తాగిన దోమలను ఒక్కొక్కటే కోసి చూస్తున్నాడు. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో ఎన్నడూ చూడని గుండ్రటి కణాలు కనబడ్డాయి, వాటిలో మలేరియా రంగు రేణువులు. ఆ కథ అందరికీ తెలుసు, ఆ రోజును దోమల దినంగా జరుపుకుంటాం. నన్ను ఎప్పుడూ కట్టిపడేసేది మర్నాటి సంగతి. 21న అదే జట్టులో మిగిలిన దోమను కోశాడు. అవే కణాలు ఉన్నాయి, నిన్నటి కంటే పెద్దవిగా. అవి దోమ ఒంట్లోని మామూలు కణాలు కావని, పెరుగుతున్న పరాన్నజీవులని అప్పుడు గట్టిపడింది. మొదటి రోజు కనబడ్డ చుక్కకు రెండో రోజు కొలత అర్థమిచ్చింది. సూక్ష్మదర్శిని అయినా సీటీ అయినా ఆ సూత్రం ఒకటే.

పెద్ద అధ్యయనాలు కూడా ఇదే నేర్పాయి. అమెరికాలో 53,454 మంది పొగతాగేవాళ్ళను, మానేసినవాళ్ళను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఏడాదికోసారి చొప్పున మూడుసార్లు తక్కువ మోతాదు సీటీ, రెండో జట్టుకు ఎక్స్‌రే తీశారు. 2011లో ఫలితాలు వచ్చాయి. సీటీ జట్టులో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. ఎంతో గొప్ప సంగతి. కానీ అదే అధ్యయనంలో నూటికి 24 స్కాన్లలో ఏదో ఒకటి అనుమానంగా కనబడింది, ఆ అనుమానాల్లో 96 శాతం చివరికి క్యాన్సర్ కాదని తేలింది. ఆ మధ్యకాలంలో ఆ మనుషులు పడ్డ నిద్రలేని రాత్రుల లెక్క ఏ పట్టికలోనూ లేదు. నెదర్లాండ్స్, బెల్జియం దేశాల్లో నెల్సన్ అనే మరో అధ్యయనం జరిగింది, దాని ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. వాళ్ళు ఒక పని వేరుగా చేశారు. మచ్చ వ్యాసం కాక ఘనపరిమాణం కొలిచారు. సందేహం ఉంటే వెంటనే అనుమానం ముద్ర వేయకుండా మూడు నెలలకు మళ్ళీ స్కాను తీసి, పెరిగిందా లేదా చూశారు. అనుమానపు ఫలితాలు నూటికి రెండుకు పడిపోయాయి. పదేళ్ళలో మగవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 24 శాతం తగ్గాయి. అంటే మనుషులను తక్కువ భయపెట్టి కూడా ప్రాణాలు కాపాడారు. ఇది చదివిన రోజు నాకు మాస్టారి కవరు వెనక లెక్క గుర్తొచ్చింది.

తొందరగా పట్టుకోవడం వల్ల ఏం ఒరుగుతుందో కూడా అంకెలోనే చెప్తాను. క్యాన్సర్ మచ్చ ఒక సెంటీమీటరు లోపుండి ఎటూ పాకనప్పుడు వైద్యం మొదలైతే నూటికి తొంభై మందికి పైగా ఐదేళ్ళు దాటుతున్నారు. ఎముకకో కాలేయానికో చేరాక ఆ అంకె పది దరిదాపుల్లోనే ఉంటుంది.

కరోనా రోజుల్లో ఏం జరిగిందో మీకు తెలుసు. 2021 ఏప్రిల్, మే నెలల్లో హిమాయత్‌నగర్ నుంచి నారాయణగూడ దాకా స్కానింగ్ సెంటర్ల ముందు తెల్లవారుజాము నుంచే జనం. పలకరింపుల్లో మంచీచెడూ పోయి "సీటీ స్కోరెంత?" అన్నదే మిగిలింది. అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఒక్క సీటీ మూడు నాలుగు వందల ఎక్స్‌రేలతో సమానమని హెచ్చరించారు, రేడియాలజిస్టుల సంఘం ఆ లెక్క పాతబడిందని కాదంది. ఇద్దరి మాటలోనూ పట్టించుకోవలసింది ఉంది. అవసరం లేని సీటీ వద్దు. అవసరమైన చోట తక్కువ మోతాదు సీటీకి భయపడవద్దు. అది సుమారు ఒకటిన్నర మిల్లీసీవర్టు, మనం నేల నుంచీ ఆకాశం నుంచీ ఏడాది పొడుగునా ఊరికే పీల్చుకునే రేడియేషన్ కన్నా తక్కువే.

ఆ స్కాన్ల వల్ల ఇంకో పరిణామం వచ్చింది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఊపిరితిత్తుల స్కాను ఎన్నడూ తీయించుకోని లక్షల మంది ఒకేసారి తీయించుకున్నారు. కరోనా తగ్గింది, స్కోరు మరిచిపోయారు, కానీ ఎంతోమంది రిపోర్టుల అడుగున ఒక వాక్యం మిగిలిపోయింది. నాలుగు మిల్లీమీటర్ల నోడ్యూల్. ఎనిమిది మిల్లీమీటర్ల నోడ్యూల్. ఆ కవర్లు ఈ చుట్టుపక్కల ఇళ్ళల్లో బీరువాల మీద ఉన్నాయి. ఇవాళ ఇంటికి వెళ్ళాక వాటిని దించి, ఆఖరి పేరా చదవమని కోరుతున్నాను. పొగ అలవాటు లేనివాళ్ళకు, ఆరు మిల్లీమీటర్ల లోపు గట్టి మచ్చ ఒక్కటే ఉంటే, మళ్ళీ స్కాను కూడా మామూలుగా అవసరం లేదు, నిశ్చింతగా ఉండండి. ఆరు నుంచి ఎనిమిదైతే ఆరు నెలలకో ఏడాదికో మరోసారి. ఎనిమిది దాటితే మూడు నెలల్లో చూడాలి, లేదా అప్పుడే ఛాతీ వైద్యుణ్ణి కలవాలి. ఇవి ఫ్లెయిష్నర్ సొసైటీ 2017లో సవరించిన లెక్కలు. ఇదివరకే క్యాన్సర్ వచ్చినవాళ్ళకు, రోగనిరోధక శక్తి తగ్గే మందులు వాడేవాళ్ళకు ఇవి వర్తించవు.

పొగ గురించి. మాస్టారు పాతికేళ్ళు చార్మినార్ కాల్చారు, 1995లో మానేశారు. ఆ సిగరెట్టు మన పక్కనే పుట్టింది. వజీర్ సుల్తాన్ ఫ్యాక్టరీ ఆజమాబాద్‌లో ఉంది, గాలి ఇటు తిరిగిన రోజు పచ్చి పొగాకు వాసన మా వీధిదాకా వచ్చేది. చిన్నప్పుడు మాకది చెడ్డ వాసన అనిపించేది కాదు, అది మా పేట వాసన. అమెరికాలో 50 నుంచి 80 ఏళ్ళ మధ్య వయసుండి, రోజుకో పెట్టె చొప్పున ఇరవై ఏళ్ళ లెక్కకు సరిపడా కాల్చినవాళ్ళకు, మానేసి పదిహేనేళ్ళు దాటకపోతే, ఏడాదికోసారి తక్కువ మోతాదు సీటీ తీయించుకోమంటున్నారు. మన దేశంలో అటువంటి జాతీయ కార్యక్రమం లేదు. రావాలా అంటే, రావాలి, కానీ టీబీ మచ్చలను ఓపిగ్గా విడదీసే పద్ధతి వెంటబెట్టుకుని రావాలి. లేకపోతే సగం పట్నం ముక్క పరీక్షల వరసలో నిలబడుతుంది. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. మన దగ్గర ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో వచ్చేవాళ్ళలో ఎప్పుడూ పొగ తాగనివాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, తక్కువమంది కారు. పొగ తాగలేదు కాబట్టి టీబీయే అయి ఉంటుందన్న తర్కం వాళ్ళ ప్రాణాలకు ముప్పు తెస్తోంది.

టీబీ మందులు నెలల తరబడి వాడాక క్యాన్సర్ అని తేలడం మాస్టారికి ఒక్కరికే జరిగింది కాదు. ఛాతీ వైద్యులను ఎవరిని అడిగినా చెప్తారు. కళ్ళెలో క్రిమి దొరికితే, జన్యు పరీక్షలో తేలితే, టీబీ మందు మొదటి రోజే మొదలుపెట్టాలి, అందులో ఆలస్యం పనికిరాదు. రుజువు లేకుండా మొదలుపెట్టినప్పుడు మాత్రం రెండు నెలలకు స్కాను తీసి, మచ్చ తగ్గిందా లేదా చూడాలి. తగ్గకపోతే కోర్సు పూర్తయ్యేదాకా ఆగకూడదు. మాస్టారి విషయంలో 2015 జనవరిలో ఎవరైనా ఆ పని చేసి ఉన్నా మచ్చ అప్పటికే ఉసిరికాయ దాటి ఉండేది. ఆలస్యమే. కానీ జూన్ కాదు కదా.

ఇప్పుడు నా వైపు సంగతి. 2015 తర్వాత నేను రిపోర్టు రాసే పద్ధతి మార్చుకున్నాను. మచ్చ ఉంటే అది మొదటి వాక్యం, ఏ స్కాను కోసం వచ్చినా సరే. "ఆరు నెలల తర్వాత" అని రాయను, తేదీ వేస్తాను. నెలా, సంవత్సరం. రోగి ఫోన్ నంబరు ఒక నోటుబుక్కులో రాసుకుంటాను, ఆ నెల వచ్చినప్పుడు నేనో మా అమ్మాయో ఫోన్ చేస్తాం. కొందరు విసుక్కుంటారు. ఇంకో స్కాను అంటగట్టడానికని అనుకునేవాళ్ళూ ఉన్నారు. ఎక్కడైనా తీయించుకోండి, తీయించుకోవడం ముఖ్యం అని చెప్తాను. గదిలో చిన్న గాజు సీసాలో కందిగింజలు పెట్టుకున్నాను. ఒకటి తీసి రోగి అరచేతిలో పెడతాను. "ఇంతది ఉంది. ఇదేమిటో ఇవాళ నాకు తెలియదు. ఫలానా నెలలో తెలుస్తుంది. అందాకా భయపడకండి, ఆ నెల మరిచిపోకండి." గింజను గుప్పిట్లో బిగించి పట్టుకెళ్ళినవాళ్ళున్నారు.

మీ నుంచి నాకు కావలసింది ఒకటే: పాత బొమ్మలు. పాత స్కాను ఉంటే ఆరు నెలలు ఆగనక్కరలేదు, వెనక్కి చూస్తే సరిపోతుంది. మూడేళ్ళ కిందటి స్కానులో అదే మచ్చ అదే కొలతతో ఉందనుకోండి, ఆ నిమిషంలోనే మీ భయం తీరుతుంది. ఎంతమందికి అలా ఉత్త పాత సీడీ వల్ల ముక్క పరీక్ష తప్పిందో నాకు తెలుసు. ఫిలిం చాలదు. ఫిలిం మీద వందల బొమ్మల్లో ఏరిన కొన్నే ఉంటాయి, బీరువా మీద ఎండ వేడికి అవి నల్లబడతాయి కూడా. సీడీ అడిగి తీసుకోండి. అది పాడవకముందే పిల్లల చేత కంప్యూటర్‌లోకి ఎక్కించండి. వాట్సాప్‌లో ఫోటో పంపిస్తే దాని మీద కొలవలేం. పెళ్ళి ఫోటోలు దాచుకున్నంత శ్రద్ధగా ఇవీ దాచుకోండి.

పోయిన నెల పిన్నిగారు నన్ను ఇంటికి పిలిచారు. ఉపన్యాసానికి పనికొస్తుందేమోనని మాస్టారి స్కాను కవరు తీసిపెట్టారు. 2015 తర్వాత నేను దాన్ని చూడలేదు. లోపల రెండు తేదీల ఫిలింలూ ఉన్నాయి. వెనక పెన్సిల్ లెక్క, ఆ చేతిరాత మీలో చాలామందికి మీ నోటుబుక్కుల్లో చూసినదే. 5.71, దాని కింద 187, దాని కింద 158, కింద గీత. నేను చూసినంతవరకు లెక్క అక్కడితో అయిపోయింది. కానీ ఆ గీత కింద ఇంకో లెక్క ఉంది. నేను గదిలోంచి వెళ్ళాక వేసి ఉంటారు, అంకెలు కొంచెం వణికాయి. నేను రిపోర్టు చివరి వాక్యంలో రాసిన ఆరు నెలలను ఆయన రోజుల్లోకి మార్చారు. 184. దాన్ని 158తో భాగించి, వచ్చినదాన్ని రెండుకు ఘాతంగా వేశారు. ఘనమూలం తీశారు. ఏడుతో గుణించారు.

సెప్టెంబర్ 2012, 9.2 మి.మీ. అని రాసి, చుట్టూ సున్నా చుట్టారు.